పాత పేటలో కొత్త టౌన్‌హౌస్ కాండో: ధరకు తగిన ఇల్లేనా?

ప్రశ్న: మేము కొన్నేళ్లుగా సియాటిల్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇక్కడి బీకన్ హిల్ పేటలో ఒక పాత ఇంటిని పడగొట్టి, ఆ 5,000 చదరపు అడుగుల స్థలంలో రెండేసి ఇళ్లు కలిసిన రెండు కట్టడాలు లేపి, నాలుగు టౌన్‌హౌస్‌లను కాండోలుగా, అంటే నేల నలుగురికీ ఉమ్మడిగా ఉండేలా, అమ్ముతున్నారు. వెనుక కట్టడంలో ఒక ఇల్లు చూశాం. మూడు అంతస్తులు, పైన రూఫ్ డెక్, మొత్తం 1,350 చదరపు అడుగులు. ధర 8 లక్షల 20 వేల డాలర్లు, నెలకు 110 డాలర్ల హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము, కారు వీధిలోనే పెట్టుకోవాలి. రెండు వీధుల అవతల దాదాపు అదే ధరకు 1926 నాటి బంగళా ఒకటి అమ్మకానికి ఉంది. దానికి రెండు పడకగదులు, ఒకే స్నానాలగది, కింద బేస్‌మెంట్. మావారు కొత్త ఇంటి వైపే మొగ్గుతున్నారు, పాత ఇంటి మరమ్మతులతో వేగలేమంటున్నారు. అత్తయ్య, మామయ్య ఏటా ఆరు నెలలు మాతో ఉంటారు. మామయ్యకు మోకాళ్ల నొప్పులు. మేము కనీసం ఎనిమిదేళ్లు ఇక్కడే ఉంటాం. ఇలాంటి ఇళ్ల కట్టుబడిని ఎలా అంచనా వేయాలి? విలువ దేనికి నిలుస్తుంది? ప్లాను, ఫొటోలు జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, సియాటిల్

సమాధానం: నమస్కారం. మీరు చూసిన వెనుక ఇంటిని ఆ ధరకు కొనవద్దనే నా సలహా. అది కాండో అయినందుకో, మీ ఉత్తరంలో మరోచోట అన్నట్టు డబ్బాలా కనిపిస్తున్నందుకో ఈ మాట అనడం లేదు. ఆ ఇంటి ప్లాను మీ కుటుంబానికి సరిపడదు, వాననీటి విషయంలో ఫొటోల్లోనే కొన్ని అనుమానాలు కలుగుతున్నాయి, పైగా మీరు చెల్లించే ధరలో కాలం గడిచేకొద్దీ పెరిగే భాగం తక్కువ, తరిగే భాగం ఎక్కువ. ఈ మూడింటినీ కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ప్లాను సంగతి. మూడు అంతస్తులకు 1,350 చదరపు అడుగులంటే ఒక్కో అంతస్తు 450 అడుగులు. మీ ప్లానులో అది పదిహేను అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. ప్రతి అంతస్తులోనూ మెట్లకూ, వాటి ముందు తిరగడానికి వదిలిన చోటుకూ పదో వంతుకు పైగా పోతుంది. ఆ చోటునూ కలిపే 1,350 అంటారు కాబట్టి, ఒకే అంతస్తులో 1,100 అడుగులున్న ఇల్లు దీనికన్నా విశాలంగా అనిపించినా ఆశ్చర్యపోనక్కర లేదు. కింది అంతస్తులో ఒక చిన్న పడకగది, స్నానాలగది. మధ్య అంతస్తులో వంటగది, కూర్చునే చోటు. పైన రెండు పడకగదులు. మీ అత్తయ్య, మామయ్యలకు కింది గదే ఇస్తారు. అంటే మీ మామయ్య పొద్దున కాఫీకి, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం టీవీకి, రాత్రి భోజనానికి ఒక అంతస్తు ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఆ మెట్లకు జంకి రోజంతా కింది గదిలోనే ఉండిపోతే, అది ఆయనకూ మంచిది కాదు, మీకూ మనశ్శాంతి ఉండదు. ఇంటిని చూపించే ఏజెంటు ఆ కింది గదిని అతిథుల గది అనో ఆఫీసు గది అనో చెబుతారు. వారం రోజులు ఉండి వెళ్లే అతిథికి అది చక్కగానే సరిపోతుంది. ఏటా ఆరు నెలలు ఉండే తల్లిదండ్రులకు సరిపోదు.

వెనుక ఇల్లు కావడం మరో ఇబ్బంది. వీధికి ముందు వరుస కట్టి, దాని వెనుక కొద్ది అడుగుల ఎడంతో రెండో వరుస కట్టినప్పుడు వెనుక ఇంటి పెద్ద కిటికీలు ముందు ఇంటి గోడకో, పక్క స్థలం కంచెకో ఎదురుగా వస్తాయి. మీ ప్లానులో కూర్చునే గది కిటికీ ఎదుటివారి వంటగది కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఇద్దరూ పరదాలు దించుకునే బతకాలి. డిసెంబరులో నాలుగున్నర లోపే పొద్దుగుంకే ఊళ్లో మధ్య అంతస్తుకు వెలుతురు రాకపోవడం చిన్న లోపం కాదు. మరోసారి చూడటానికి వెళ్లినప్పుడు మబ్బు పట్టిన రోజున, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, లైట్లన్నీ ఆర్పించి పది నిమిషాలు కూర్చోండి. ఇంటికి తూర్పు వాకిలి ఉండటం గురించి కూడా ఉత్తరంలో అడిగారు. వాస్తు మీద మీ నమ్మకం మీ ఇష్టం; కానీ ఎనిమిది అడుగుల దూరంలో మరో గోడ ఉన్న తూర్పు వాకిలికి పొద్దుటి ఎండ ఎక్కడి నుంచి వస్తుంది?

వంటగది గురించి మీరు రాయలేదు, అయినా మన ఇళ్లకు ఇది ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. ఫొటోలో పొయ్యి పైన బిగించినది మైక్రోవేవ్, దాని కిందే చిన్న ఫ్యాను. వీటిలో కొన్నిటికి బయటికి వెళ్లే గొట్టం ఉండదు, పొగను జల్లెడలోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతాయి. తాలింపు ఘాటు, చేపల వేపుడు వాసన అక్కడి నుంచి మెట్ల దారిన నేరుగా పై పడకగదుల్లోకి వెళతాయి. గాలి చొరబడకుండా బిగించి కట్టే కొత్త ఇళ్లలో ఆ వాసన ఓ పట్టాన పోదు. గొట్టం బయటికి ఉందో లేదో గోడ వెలుపల చూస్తే తెలిసిపోతుంది. లేకపోతే తరువాత పెట్టించుకోవచ్చని అనుకోకండి. కాండోలో బయటి గోడకు రంధ్రం కొట్టాలంటే సాధారణంగా సంఘం అనుమతి కావాలి.

వేడి సంగతి కూడా చూసుకోవాలి. 2021 జూన్ 28న సియాటిల్ దగ్గరి సీటాక్ విమానాశ్రయంలో 108 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 42 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. నల్లని పలకల గోడలు, చూరు నీడ లేని కిటికీలు ఉన్న మూడో అంతస్తు అలాంటి రోజుల్లో ఎలా ఉంటుందో రామగుండం క్వార్టర్లలో పెరిగానని రాసిన మీకు నేను చెప్పనవసరం లేదు. చల్లదనం కోసం పెట్టే హీట్ పంపు గోడ యూనిట్ మధ్య అంతస్తులో ఒక్కటే ఉందా, ప్రతి పడకగదిలోనూ ఉందా అని అడగండి.

ఇక నీటి విషయం. ఈ తరహా ఇళ్ల నాణ్యతను తేల్చేది ఇదే. సియాటిల్‌లో ఏడాదికి పడే వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్లు, మన కోస్తా జిల్లాల్లో పడేదానికి పెద్ద తేడా లేదు. అయితే అక్కడ కుండపోతగా కురిసి ఎండ కాసే వాన, ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సన్నగా, విడవకుండా పడుతూ గోడలను ఆరనివ్వదు. పాత బంగళాలకు రెండడుగుల చూరు ఉన్నది అందం కోసమే కాదు. ఇప్పటి టౌన్‌హౌస్‌లకు చూరే ఉండదు. గోడ నిటారుగా పైకి లేచి, పిట్టగోడగా మారి, దాని వెనుక చదును కప్పు ఉంటుంది. గోడ మీద పడిన ప్రతి చుక్కా కిటికీల మీదుగా, పలకల అతుకుల మీదుగా కిందికి జారాల్సిందే. ఇలాంటి కట్టడం తప్పని నేను అనను, సరిగా కడితే నిక్షేపంగా నిలుస్తుంది. కానీ చూరు ఉన్న ఇల్లు క్షమించే పొరపాట్లను ఇది క్షమించదు. ఇక్కడికి మూడు గంటల ప్రయాణ దూరంలో, కెనడాలోని వాంకూవర్‌లో 1980ల నుంచి కట్టిన కాండోల గోడల్లోకి నీరు చేరి, లోపలి కలప కుళ్లి, వేలాది కుటుంబాలు మరమ్మతుల ఖర్చుతో చితికిపోయాయి. చివరికి 1998లో అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డేవ్ బారెట్ నేతృత్వంలో విచారణ సంఘాన్నే వేయవలసి వచ్చింది. సియాటిల్‌ది కూడా అదే వాతావరణం.

మీరు పంపిన మూడో ఫొటోను పెద్దది చేసి చూడండి. పై అంతస్తు కిటికీ తలపైన బయటికి వంగిన లోహపు రేకు, అదే ఫ్లాషింగ్, కనిపించాలి. దానికీ పైన ఉన్న సైడింగ్ (గోడకు బయట తొడిగే) పలకకూ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. పలకల వెనక్కి చేరిన నీరు అక్కడి నుంచే బయటికి వస్తుంది. మీ ఫొటోలో ఆ చోట ఒక తెల్లని సీలెంటు గీత ఉంది. అంటే నీరు బయటికి రావలసిన దారిని మూసేసి, చూడటానికి నున్నగా చేశారన్నమాట. రూఫ్ డెక్ తలుపు దగ్గర వంగి గడప ఎత్తు చూడండి. డెక్ పలకలకూ గడపకూ మధ్య కనీసం నాలుగు అంగుళాల తేడా ఉండటం మంచిది. అడుగు తీసి అడుగు వేసేంత సమంగా ఉంటే మొదట్లో ముచ్చటగానే ఉంటుంది, తూము ఆకులతో పూడుకుపోయిన రోజున ఆ నీరంతా మీ పడకగది కప్పులోకి దిగుతుంది. కౌంటరు రాయి, నల్లని కుళాయిలు, సోఫా అద్దెకు తెచ్చి పెట్టిన అలంకారం చూస్తూ అరగంట గడిపేవాళ్లు కూడా ఆ గడప దగ్గర ఒక్క నిమిషం ఆగరు.

చట్టం ఇదంతా చూసుకుంటుంది కదా అని మీవారు అనవచ్చు. 2005లో వచ్చిన రాష్ట్ర చట్టం, ఆర్‌సీడబ్ల్యూ (వాషింగ్టన్ రాష్ట్ర చట్టాల సంకలనం) 64.55 అధ్యాయం, బహుళ గృహ కట్టడాల బయటి గోడలకూ కప్పుకూ ప్రత్యేక డిజైన్ పత్రాలు ఉండాలనీ, కట్టేటప్పుడు స్వతంత్ర ఇన్‌స్పెక్టరు తనిఖీ చేయాలనీ చెబుతుంది. అయితే అది రెండు కన్నా ఎక్కువ ఇళ్లు ఒకదానికొకటి అంటుకున్న కట్టడాలకే వర్తిస్తుంది. మీ స్థలంలో రెండేసి ఇళ్ల చొప్పున కట్టారు కాబట్టి అది ఆ నిర్వచనంలోకి రాదు. నగరపాలక సంస్థ మామూలు తనిఖీలు జరిగే ఉంటాయి, కానీ ప్రతి కిటికీ అతుకునూ చూడటం వాటి ఉద్దేశం కాదు. అందువల్ల సాధారణ హోమ్ ఇన్‌స్పెక్టరుతో సరిపెట్టకుండా, గోడలూ కప్పుల తేమ విషయంలో అనుభవమున్న బిల్డింగ్ ఎన్‌క్లోజర్ నిపుణుడి చేత చూపించడం మంచిది. ఇంటి ధర ముందు ఆయన ఫీజు లెక్కలోకి రాదు.

కాండో కావడం వల్ల మీకు ఒక లాభమూ ఉంది. 2018 జూలై 1 తరువాత ఏర్పడిన కాండోలకు వర్తించే ఆర్‌సీడబ్ల్యూ 64.90 చట్టం ప్రకారం, నాసిరకం సామగ్రి వాడలేదనీ, పని సక్రమంగా, చట్టబద్ధంగా చేశాననీ బిల్డరు రాయకపోయినా హామీ ఇచ్చినట్టే లెక్క. దాని మీద దావా వేయడానికి సాధారణంగా నాలుగేళ్ల గడువు ఉంటుంది. సొంత నేలతో అమ్మే టౌన్‌హౌస్‌కు ఇదే హామీ ఇదే రూపంలో ఉండదు. కానీ ఎవరి మీద దావా వేస్తారన్నది అసలు ప్రశ్న. ఇలాంటి ఇళ్లను చాలావరకు ఒక్కో స్థలానికి ఒక్కో ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి కడతారు, చివరి ఇల్లు అమ్ముడుపోయాక దాని ఖాతాలో పెద్దగా మిగిలేది ఉండదు. జనరల్ కాంట్రాక్టరు ప్రభుత్వానికి చూపవలసిన హామీ బాండు 2024 జూలైలో పెంచిన తరువాత కూడా 30,000 డాలర్లే. ఒక గోడ సైడింగ్ విప్పి మళ్లీ వేయడానికే అది చాలకపోవచ్చు. కాబట్టి ఎల్ఎల్‌సీ పేరు వెనుక అసలు కట్టినవారెవరో కనుక్కొని, రాష్ట్ర లేబర్ అండ్ ఇండస్ట్రీస్ శాఖ వెబ్‌సైట్‌లో వారి లైసెన్సు, వారి మీద దావాలు చూడండి. ఆ తరువాత, అదే బిల్డరు ఆరేడేళ్ల కిందట కట్టిన ఇళ్ల దగ్గరికి ఒక ఆదివారం నడిచి వెళ్లండి. గోడల మీద నీటి చారలు, ఉబ్బిన పలకలు, మార్చిన కిటికీలు కనిపిస్తే ఇక ఎవరినీ అడగనక్కర లేదు. నా దృష్టిలో ఏ బ్రోషరు కన్నా ఈ నడక విలువైనది.

నెలకు 110 డాలర్ల హెచ్‌ఓఏ రుసుము తక్కువగా ఉందని సంతోషించకండి. నాలుగిళ్ల సంఘంలో ఆ డబ్బు ఉమ్మడి బీమాకూ, దారి లైట్లకూ సరిపోతుందేమో గాని, పదిహేనేళ్ల తరువాత కప్పు మార్చడానికి నిధి మిగలదు. కప్పూ, బయటి గోడా, డెక్కూ ఎవరి బాధ్యతో డిక్లరేషన్ అనే పత్రంలో ఉంటుంది. కొన్నిటిలో అన్నీ ఉమ్మడి, కొన్నిటిలో ఎవరి ఇంటివి వారివి. మురుగు గొట్టం నాలుగిళ్లకూ ఒకటేనా అన్నదీ అక్కడే తెలుస్తుంది. ఉమ్మడి అయితే, పక్కింటివారు మనకేం పట్టిందని ఊరుకున్నా మీ గోడే తడుస్తుంది.

విలువ గురించి అడిగారు. ఇల్లు పాతబడుతుంది, నేల ధర పెరుగుతుంది. బీకన్ హిల్ లాంటి పేటకు ఉన్న విలువంతా రైలు స్టేషన్‌కూ, ఊరి నడిబొడ్డుకూ దగ్గరగా ఉన్న ఆ నేలదే. నాలుగో వంతు లెక్కన మీ ఇంటి కింద పడేది 1,250 అడుగులు, అదీ కాండోలో విడదీయరాని ఉమ్మడి వాటాగానే. ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. 2023లో వాషింగ్టన్ శాసనసభ చేసిన హెచ్‌బీ 1110 చట్టం వల్ల సియాటిల్ లాంటి నగరాల్లో నివాస స్థలం ఒక్కోదాని మీద నాలుగు ఇళ్లు, రైలు స్టేషన్ లాంటి పెద్ద రవాణా కేంద్రానికి పావు మైలు నడక దూరంలో ఆరు ఇళ్లు కట్టనివ్వాలి. 2025లో సియాటిల్ తన నిబంధనలను అందుకు తగ్గట్టు మార్చింది. ఇళ్ల కొరత ఉన్న ఊరికి ఇది మంచిదే, నేను సమర్థిస్తాను కూడా. కొనేవారిగా మాత్రం మీరు దీన్ని ఇలా చూడాలి: ఎనిమిదేళ్ల తరువాత మీరు అమ్మబోయే రోజున, మీ ఇంటి లాంటివే సరికొత్త ఇళ్లు పక్క వీధిలో అమ్మకానికి ఉంటాయి. ఈరోజు కొత్తదనానికి మీరు ఇచ్చే అదనపు ధర అప్పుడు వాటికే దక్కుతుంది. పైగా అమ్మేటప్పుడు ఏజెంట్ల కమిషన్‌తో పాటు, ఇంటి అమ్మకం మీద రాష్ట్రం వేసే ఎక్సైజ్ పన్ను, మొదటి శ్రేణికి 1.1 శాతం, ఆ పైమొత్తానికి 1.28 శాతం, దాని మీద స్థానిక పన్ను అర శాతం మీరే కట్టాలి.

ఇది నా మాట మీద నమ్మనవసరం లేదు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ వారి పార్సెల్ వ్యూయర్ వెబ్‌సైట్‌లో ఏ ఇల్లు ఎప్పుడు ఎంతకు అమ్ముడైందో అందరూ చూడవచ్చు. మీ చుట్టుపక్కల పదేళ్ల కిందట కొత్తగా అమ్మిన టౌన్‌హౌస్‌ల్లో రెండోసారి అమ్ముడైనవాటిని ఏరి, ఆ రెండు ధరలకూ మధ్య తేడాను, అదే కాలంలో పక్కనున్న పాత ఇళ్ల తేడాతో పోల్చండి. ముందు ఇళ్లనూ వెనుక ఇళ్లనూ విడివిడిగా రాసుకోండి.

అలాగని బంగళాను కళ్లు మూసుకుని కొనమనడం లేదు. మీవారి భయంలో నిజముంది. 1926 నాటి ఇంట్లో పింగాణీ గుబ్బల మీద నడిచే పాత కరెంటు తీగలు ఇంకా ఉండవచ్చు, వాటిని చూసి బీమా సంస్థలు వెనకాడతాయి. మట్టి మురుగు గొట్టంలోకి చెట్ల వేళ్లు దూరి ఉండవచ్చు. ఇంటి నుంచి వీధి గొట్టం దాకా దాని ఖర్చు ఇంటివారిదే కాబట్టి కెమెరా పెట్టి చూపించకుండా ఒప్పందం చేసుకోకండి. ఇంటిని వెచ్చబరచడానికి ఒకప్పుడు వాడిన చమురు ట్యాంకు పెరట్లో పూడ్చి ఉందేమో కనుక్కోండి. 2001 ఫిబ్రవరి 28న వచ్చిన 6.8 తీవ్రత నిస్క్వాలీ భూకంపం తరువాత చాలామంది ఇంటి చట్రాన్ని పునాదికి బోల్టులతో బిగించుకున్నారు. ఈ ఇంటివారు చేయించారో లేదో బేస్‌మెంట్‌లో గోడ అడుగున చూస్తే కొంత తెలుస్తుంది. భూకంపానికి తట్టుకోవడంలోనూ, చలికాలపు బిల్లులోనూ కొత్త ఇల్లే మేలు, అందులో సందేహం లేదు. కానీ బంగళాలో పడకగదులు, వంటగది, స్నానాలగది ఒకే అంతస్తులో ఉన్నాయి. మీ మామయ్య వాకిలి ముందున్న నాలుగైదు మెట్లు దిగి పెరట్లోకి వెళ్లగలరు. ఇప్పుడు లేనిది రెండో స్నానాలగది, దాన్ని బేస్‌మెంట్‌లో పెట్టించుకోవచ్చు. కింద 5,000 అడుగుల నేల ఉంది కాబట్టి ఇల్లు ఎలా ఉన్నా బిల్డర్లు దాని కోసం పోటీ పడతారు. ఆ కారణంగానే, కొత్తగా వేసిన వంటగది అలమరాలు చూపి యజమాని అదనంగా అడిగే ధర మీరు ఇవ్వనవసరం లేదు.

మరమ్మతులు మీవల్ల కాదనుకుంటే, 2012 నుంచి 2018 మధ్య కట్టి, సొంత యూనిట్ లాట్‌తో, అంటే ఇంటి కింది నేలతో సహా, అమ్ముతున్న టౌన్‌హౌస్‌లు వెతకండి. అంతకు ముందు ఈ ఊళ్లో ముందు రెండు, వెనుక రెండు ఇళ్లు, మధ్యలో కార్లు తిరిగే సిమెంటు నేల, వీధి వైపు ఎత్తైన కంచె ఉన్న కట్టడాలు విపరీతంగా వచ్చాయి. వాటి మీద విమర్శలు పెరిగాక 2010 చివరిలో నగరం నిబంధనలు మార్చి, డిజైన్ సమీక్ష పెట్టింది. ఆ తరువాతి ఇళ్లలో మంచివి ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అవి ఇప్పటికే కొన్ని వానాకాలాలు చూశాయి. గోడ తడిసేదైతే ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. కొత్తదనానికి అదనపు ధర మొదటి యజమాని కట్టేశాడు. కింది అంతస్తులోనే వంటగది ఉన్నవి కొన్ని దొరుకుతాయి, మీరు వెతకవలసింది అలాంటి వాటినే.

ఇంతా విన్నాక కూడా మీవారు కొత్త ఇల్లే కావాలంటే, వెనుక ఇల్లు వదిలి వీధి వైపు ఇంటి ధర అడగండి. పొయ్యి గొట్టం బయటికి తీయించి, ఎన్‌క్లోజర్ నిపుణుడి నివేదికలో రాసినవన్నీ సరిచేసి ఇస్తేనే అని ఒప్పందంలో రాయించండి. కాండో వివరాలతో బిల్డరు ఇచ్చే పబ్లిక్ ఆఫరింగ్ స్టేట్‌మెంట్ అనే పత్రం చేతికి అందిన రోజు నుంచి ఏడు రోజుల లోపు కొనుగోలు రద్దు చేసుకునే హక్కు మీకు ఉంటుంది, కాబట్టి ఆ పత్రం రాకముందే న్యాయవాదిని మాట్లాడి పెట్టుకుని, వచ్చిన రోజే ఆయనకు పంపండి.